గేటు పాట

ఆపరేటరు పోయి ఇవాళ్టికి తొమ్మిది రోజులు. నిన్న ఆయన కొడుకు నా కొట్టుకు వచ్చాడు. నాది మైకుసెట్లూ షామియానాలూ అద్దెకిచ్చే వ్యాపారం. సిరుగుప్పలో పెళ్ళయినా చావయినా ముందు నా దగ్గరికే వస్తారు కాబట్టి, ఊరి సంతోషాలూ ఏడుపులూ నాకు ఒకరోజు ముందే తెలుస్తాయి. పదకొండో రోజుకు ఒక షామియానా, నలభై కుర్చీలు చెప్పాడు. ఫ్లెక్సీ కూడా నన్నే వేయించమన్నాడు. తండ్రి ఫొటో బల్ల మీద పెట్టి, చేతిలో ఇంకో ఫొటో పట్టుకుని అలాగే నిలబడ్డాడు.

“చిన్నాయనా, అమ్మది గూడా పక్కన ఎయ్యాల్నా?”

పక్కన వేస్తే ఆమె కూడా పోయిందని ఊరంతటికీ చెప్పినట్టు. వెయ్యకపోతే ఎక్కడుందని ఎవరైనా అడిగితే చెప్పడానికి ఏమీ లేదు. “రేపు రాప్పా, చూసి చెప్తా” అని పంపేశాను. చూడ్డానికి ఏముంది? నాకు ధైర్యం చాలక అన్న మాట అది.

కొడుకు వెళ్ళాక కొట్టు ముందున్న ఇనుప కుర్చీ వైపు చూస్తూ కూర్చున్నాను. మూడేళ్ళుగా రోజూ మధ్యాహ్నం రెండింటికి ఆపరేటరు ఆ కుర్చీలోనే కూర్చునేవాడు. కూర్చునేముందు ఒక పని చేసేవాడు. కుడిచేతిని తొడ కింద పెట్టుకుని, దాని మీద బరువు వేసి కూర్చునేవాడు. కొత్తగా చూసినవాళ్ళు చెయ్యి తిమ్మిరి పట్టదా అని అడిగేవారు. అలా ఎందుకు కూర్చునేవాడో నాకు తెలుసు. నాకొక్కడికే తెలుసు.

ఆయనకు కన్నవాళ్ళు పెట్టిన పేరు ఉండే ఉంటుంది. రేషను కార్డులో తప్ప దాన్ని ఎవరూ వాడలేదు. బస్టాండు వెనక సినిమాహాల్లో ముప్పై ఏళ్ళు ప్రొజెక్టరు తిప్పాడు కాబట్టి మా ఊరికి ఆయన ఆపరేటరు. కాలువ నీళ్ళ మీద వరి పెట్టడానికి సముద్రపు ఒడ్డు నుంచి వచ్చి, మా దగ్గర క్యాంపులని పిలిచే వలసపల్లెల్లో నిలదొక్కుకున్న ఒక ఆసామి కట్టించిన హాలు అది. సొంతూరి మీద బెంగతోనో ఏమో, తెర ముందు జారే ఎర్ర గుడ్డ మీద అలలూ ఒక పడవా కుట్టించాడు. చిన్నప్పుడు నేను సముద్రం ఎర్రగా ఉంటుందనుకునేవాణ్ణి. ఒక శుక్రవారం తెలుగు సినిమా వచ్చేది, ఒక శుక్రవారం కన్నడ సినిమా. జనం మాత్రం రెండింటికీ వాళ్ళే, ఏడ్చేదీ వాళ్ళే.

ఆ హాలు మూతపడి చాలాకాలమైంది. ఆసామి కొడుకులు రైసుమిల్లు వాళ్ళకు అమ్మేశారు, మిల్లువాళ్ళు గోడౌను చేసుకున్నారు. తెర వైపుకు వాలుగా ఉన్న నేల మీద బస్తాలు పేరిస్తే మూడోరోజుకు అన్నీ తెర ముందుకు జారి పడేవి. మిల్లుగుమాస్తా సినిమాహాళ్ళు కట్టినవాళ్ళందర్నీ కలిపి తిట్టి, చివరికి మట్టి పోసి నేల సమం చేయించాడు. ఆ మట్టి తోలిన రోజు ఆపరేటరు రోడ్డు మీద నిలబడి ట్రాక్టర్లు లెక్కపెట్టాడు. నాతో ఒకటే అన్నాడు. “నేల టిక్కెట్టోళ్ళ మీద మన్ను పోస్తాండారప్పా.”

ఆయన మాటలన్నీ ఇలాగే ఉండేవి. కాలాన్ని గంటల్లో చెప్పడం ఆయనకు చేతకాదు. కాసేపు ఊరికే కూర్చోమనడానికి “ఒక రీలు సేపు సుమ్నే కూసో” అనేవాడు. తెక్కలకోట బస్సు ప్రయాణం నాలుగు రీళ్ళు. మా అన్నదమ్ముల ఆస్తి తగాదా పదహారు రీళ్ళు దాటిందని, ఇంక జనం కుర్చీలు విరగ్గొడతారని నన్ను వెక్కిరించేవాడు. ఎవరైనా ముభావంగా ఉంటే “కార్బన్ కుదరలే” అనేవాడు. అరచేయంత కన్నంలోంచి ముప్పై ఏళ్ళు తెరను చూశాడేమో, మనిషితో మాట్లాడేటప్పుడు కూడా తల ఒక పక్కకు వాల్చి, ఒక కన్ను సగం మూసి రెండో కంటితో చూసేవాడు. అమ్మాయిలను అలా చూస్తే తంతారు అన్నా అని నేనంటే, “మీ వదిన్ని అట్ల జూసే పెండ్లి చేసుకుంటి” అనేవాడు.

గేటు పాట సంగతి చెప్పాలి. హాలు మిద్దె మీద నాలుగు మైకు హారన్లు ఉండేవి. ఆటకు ముందు పావుగంట సినిమా పాటలు వేసి, ఆఖరున ఒక దేవుడి పాట వేసేవాడు. అది వస్తుంటే గేటు తెరిచి ఉన్నట్టు. ఆగిందంటే గేటు మూసినట్టు. ఊళ్ళో దాన్ని గేటు పాట అనేవారు. ఆడవాళ్ళు చంకలో పిల్లలతో పరుగెత్తేది ఆ పాటకే. గాలి ఇటు నుంచి వీస్తే కాలువ అవతల క్యాంపుల్లో నాట్లు వేసేవాళ్ళకు కూడా వినపడేది.

ఆ పాటను ఆయన ఎప్పుడూ చివరిదాకా వెయ్యలేదు. దానికి కారణం ఉంది. అప్పటి ప్రొజెక్టర్లలో బల్బు ఉండేది కాదు. రెండు కార్బన్ కడ్డీలు ఎదురెదురుగా పెట్టి అంటిస్తే, వాటి మధ్య పుట్టే మంటే తెర మీద వెలుగు. మొదట అది మిణుకుమిణుకుమంటుంది. ఆయన రికార్డు మీద ముల్లు పెట్టి కార్బన్ అంటించేవాడు. రెండో చరణంలో మొదటి మాటలు అయ్యేసరికి వెలుగు కుదురుకునేది. సరిగ్గా అక్కడ ఎడమచేత్తో ప్రొజెక్టరు మొదలుపెట్టి, కుడిచేత్తో ముల్లు ఎత్తేసేవాడు. మ్యాట్నీ, ఫస్ట్ షో, సెకండ్ షో. ముప్పై ఏళ్ళు, రోజుకు మూడుసార్లు, ఒకే మాట దగ్గర. క్యాసెట్లు వచ్చినా, సీడీలు వచ్చినా ఆయన ఆ రికార్డు వదల్లేదు. ఆ పాటకు ఒక చివర ఉందని మా ఊళ్ళో ఎవరికీ తెలియదు.

మ్యాట్నీకి వదిన క్యారియర్ తెచ్చేది. వెనక ఇనుపమెట్లు ఎక్కి క్యాబిన్‌లో ఇచ్చి, ఆయన జొన్నరొట్టె తినేదాకా రీలు డబ్బా మీద కూర్చునేది. పెళ్ళయిన కొత్తలో ఒకసారి ఆట మొదలయ్యాక వచ్చిందట. ఈయన క్యారియర్ అందుకోవడానికి అటు తిరిగాడు, ఇటు ఫిల్ము ఇరుక్కుని కాలింది. తెర మీద హీరోయిన్ మొహం మధ్యలోంచి బుడగలు లేచి తెల్లబడింది. జనం కుర్చీలు విరగ్గొట్టారు, ఆసామి చెయ్యి చేసుకున్నంత పని చేశాడు. ఆరోజు ఈయన ఆమెకు ఒక మాట చెప్పాడు: “పాట నిలిచిపోతే యాడున్నా ఆడనించే ఎనక్కి పో. ఇంటర్వెల్‌కి రా.”

ఆమె ఆ మాటను ఎలా పాటించిందో నేను కళ్ళారా చూశాను. వానాకాలం. హాలు ఎదురుగా టీ కొట్టులో ఉన్నాను. ఆమె గొడుగు పట్టుకుని, చీర కుచ్చెళ్ళు తడిసి కాళ్ళకు చుట్టుకుంటుంటే వడివడిగా వస్తోంది. ఇంకో పది అడుగులు వేస్తే మెట్లు. పాట ఆగింది. ఆమె ఆ బురదలోనే ఆగి, ఇంటివైపు తిరిగింది.

“వదినా, మెట్లకాడికి వచ్చి ఎనక్కి పోతాండావే? పైకి ఎక్కి ఇచ్చి రారాదా?” అన్నాను.

“పాట నిలిచిపాయ గదప్పా” అంది. అదేదో వానకంటే పెద్ద సంగతైనట్టు చెప్పి, ఆ వానలోనే వెళ్ళిపోయింది. ఇంటర్వెల్‌కు మళ్ళీ వచ్చింది. నేను టీ కొట్టులో అందరికీ చెప్పి నవ్వించాను. ఆ నవ్వుకు ఇప్పుడు సిగ్గుపడుతున్నాను.

హాలు మూసేసినప్పుడు మైకు సామాను నేనే కొన్నాను. హారన్లు, ఆంప్లిఫయర్, రికార్డు ప్లేయరు, ఆ రికార్డు. రికార్డు ఎందుకు కొన్నానో తెలియదు, సామానుతో పాటు వచ్చింది. తర్వాత రెండేళ్ళకు వదినకు మతిమరుపు మొదలైంది. మొదట గిన్నెలు ఎక్కడ పెట్టిందో మరిచింది, తర్వాత కొడుకు పేరు మరిచింది. మధ్యాహ్నం రెండింటికి క్యారియర్ కట్టడం మాత్రం మరవలేదు. ఆపరేటరు ఆమెను చెయ్యి పట్టుకుని గోడౌను దాకా తీసుకొచ్చేవాడు. మూసిన ఇనుపమెట్ల కింద ఇద్దరూ కూర్చునేవారు. క్యారియర్లో ఒక్కోరోజు రొట్టె ఉండేది, ఒక్కోరోజు ఏమీ ఉండేది కాదు. ఉన్నా లేకున్నా ఆయన చెయ్యి కడుక్కుని మూత పెట్టి, “బాగుండాది” అనేవాడు.

ఒకరోజు పొద్దున ఆయన స్నానం చేసి వచ్చేసరికి ఆమె లేదు. క్యారియర్ కూడా లేదు. ఆరోజంతా వెతికారు. బస్టాండులో కండక్టర్లను ఒక్కొక్కరినీ అడిగారు. కొడుకు బండి మీద బళ్ళారి రోడ్డు పట్టుకుని కప్పగల్లు దాకా పోయి వచ్చాడు. పోలీసులకు ఫొటో ఇచ్చారు. ఇదేమీ నాకు తెలియదు, ఆదోనిలో పెళ్ళికి సెట్టు తీసుకుని పోయి ఉన్నాను. మర్నాడు మధ్యాహ్నం కొట్టు తీస్తుంటే ఆపరేటరు వచ్చాడు.

“హారన్లు నీకాడనే ఉండాయి గదా? రికార్డు?”

“ఏమన్నా, మళ్ళా ఆట పెడతాండావా?” అన్నాను నవ్వుతూ.

ఆయన తల వాల్చలేదు, కన్ను మూయలేదు. రెండు కళ్ళతో సూటిగా చూశాడు. “మీ వదిన కనపడలేదప్పా, నిన్న పొద్దున నించి. యాడుండాదో, ఏమన్నా తినిందో లేదో. పాట ఇంటే వస్తాది. ఎవురు పిల్చినా రాదు, దానికి వస్తాది.”

మిల్లుగుమాస్తా గోడౌను తాళాలిచ్చాడు. మిద్దె మీద పాత గొట్టానికి హారన్లు తాడుతో కట్టి, రెండు కాలువ వైపు, రెండు ఊరి వైపు తిప్పాను. ప్లేయరును నీడలో పెట్టాను. రెండయింది. ఆయన రికార్డును పంచె కొంగుతో తుడిచి ముల్లు పెట్టాడు.

అన్నేళ్ళ తర్వాత ఆ పాట ఊరి మీద పడింది. ఇళ్ళలోంచి ఆడవాళ్ళు గడపల్లోకి వచ్చారు. ఒక ముసలామె చెప్పులు కూడా లేకుండా ఆడవాళ్ళ గేటు దాకా నడిచొచ్చి, తాళం చూసి నిలబడిపోయింది. ఆపరేటరు వాళ్ళనెవరినీ చూడలేదు. పిట్టగోడకు ఆనుకుని కాలువ గట్టునే చూస్తున్నాడు. పెదవులు కదులుతున్నాయి, పాటతో కాదు. “రా, రా, బేగ రా” అంటున్నాడు.

మొదటి చరణం అయింది. రెండో చరణం మొదలైంది. ఆయన కళ్ళు గట్టు మీదే ఉన్నాయి. కుడిచెయ్యి మాత్రం వెనక్కి వచ్చింది. ఎంత నెమ్మదిగా, ఎంత నేర్పుగా వచ్చిందో. చూడకుండానే ముల్లును రెండు వేళ్ళతో పట్టుకుని, ఆ మాట దగ్గర ఎత్తేసింది.

నేను పక్కనే ఉన్నాను. చెయ్యి చాపితే అందేంత దూరం. ఆ చెయ్యి రావడం చూశాను. ఆపలేదు. ఆపాలని తోచలేదు. పాట అక్కడికి అయిపోయినట్టే అనిపించింది నాకు కూడా. అదే ఇప్పటికీ నన్ను తినేస్తోంది.

ఆయన అలవాటు కొద్దీ క్యాబిన్ వైపు రెండడుగులు వేసి ఆగిపోయాడు. వెనక్కి తిరిగి, ముల్లును చూసి, తన చేతిని చూసుకున్నాడు. “ఏం చేస్తినప్పా” అన్నాడు. మళ్ళీ ముల్లు పెట్టబోతే గురి తప్పి రికార్డు గీసుకుపోయింది. నేను పెట్టాను. ఈసారి చివరిదాకా వచ్చింది. ఇంకోసారి, ఇంకోసారి వేశాము. కొత్త చరణం ఊళ్ళో ఎవరి చెవికీ ఎక్కలేదు.

“వస్తాంటే ఎనక్కి పోయింటాది” అన్నాడు మెట్లు దిగుతూ.

“సుమ్నే ఏవేవో అనుకోవద్దన్నా” అన్నాను.

సాయంత్రం క్యాంపులో నాట్లు వేసి ఆటోలో దిగిన ఆడవాళ్ళు చెప్పారు. ఒక పెద్దామె క్యారియర్ పట్టుకుని కాలువ గట్టు మీద కనపడిందట. అంతసేపూ తుమ్మచెట్టు కింద కూర్చుని ఉన్న మనిషి, పాట వినగానే లేచిందట.

“బిరబిరా ఊరిదిక్కు నడిచొస్తాండె. ఇంత ముసల్ది ఎట్ల నడుస్తాదో అనుకుంటిమి” అంది వాళ్ళలో ఒకామె. “పాట నిలిచిపాయ. ఆమె గూడా నిలిచిపాయ. తిరుక్కొని పోయె. మళ్ళా పాట వచ్చె గానీ, ఆమె తిరిగి జూడలే.”

ఎందుకు చూస్తుంది? ఆగిన పాట మళ్ళీ రావడం ఆమె ఎరగదు. ఆగితే వెనక్కి పోవాలి, అంతే ఆమెకు తెలిసింది. ఇల్లు ఎటుందో మరిచిపోయిన మనిషికి వెనక్కి అంటే వెనక్కే.

మర్నాడు కాలువ మెట్ల మీద క్యారియర్ దొరికింది. మూత గట్టిగా బిగించి ఉంది. పై గిన్నెలో జొన్నపిండి, కింద గిన్నెలో నాలుగు ఎండుమిరపకాయలు, ఉప్పు. కాలువ నిండా పారుతోంది. గజఈతగాళ్ళు రెండురోజులు వెతికారు. ఆమె దొరకలేదు. అప్పుడూ దొరకలేదు, తర్వాతా దొరకలేదు.

ఎవరైనా కర్మకాండ మాట ఎత్తితే ఆపరేటరు వినేవాడు కాదు. “ఇంటర్వెల్ ఇంగా కాలేదప్పా” అనేవాడు. మతి చెడిందన్నారు కొందరు. నాకు అలా అనిపించలేదు. వెనక్కి పొమ్మన్నది ఆయనే, ఇంటర్వెల్‌కు రమ్మన్నదీ ఆయనే. ఆ మాటలో సగం జరిగింది. మిగతా సగం జరగాలని పట్టుబట్టి కూర్చున్నాడు, అంతకుమించి ఆయన దగ్గర ఏమీ మిగల్లేదు.

అప్పటినుంచి రోజూ రెండింటికి నా కొట్టు. కుడిచెయ్యి తొడ కింద పెట్టుకునేవాడు. నేను పాట వేసేవాణ్ణి. రెండో చరణం వస్తుంటే ఆ తొడ అదిరేది. ఆ మాట దాటి పాట ముందుకు పోయాక ఊపిరి వదిలేవాడు. చివరిదాకా విని, ఏడు రీళ్ళసేపు, అంటే ఇంటర్వెల్ అయ్యేదాకా, రోడ్డు మీద నిలబడి, కాలువ వైపు చూసి, ఇంటికి పోయేవాడు. ఒకసారి ఎవరితోనో నేను, ఆరోజు కరెంటు పోయి పాట ఆగిందని చెబుతుంటే విన్నాడు. వాళ్ళు పోయాక, “అబద్ధం చెప్పొద్దప్పా. కరెంటు ఉండె. చెయ్యే” అన్నాడు.

ఇవాళ పొద్దున కొడుకు మళ్ళీ వచ్చాడు. నాన్న ఫొటో ఒకటే వేయిస్తానని చెప్పాను. అతను రెండో ఫొటో జేబులో పెట్టుకుని వెళ్ళిపోయాడు.

ఆయన పోయిన రోజు నేను బళ్ళారి ఆస్పత్రిలోనే ఉన్నాను. కొడుకు మందులు తేవడానికి కిందికి దిగాడు. రెండు కావస్తోంది. ఆయన గోడ గడియారం వైపు, నా వైపు చూశాడు. రికార్డు అరిగిపోతోందని గీతల చప్పుడుతో సహా ఫోనులోకి ఎక్కించి పెట్టుకున్నాను. దిండు పక్కన పెట్టి వేశాను. కుడిచేతికి సెలైన్ సూది ఉంది, తొడ కింద పెట్టుకోవడానికి లేదు.

రెండో చరణం రాగానే ఆ చెయ్యి లేచింది. సూది, గొట్టం, అంటించిన పట్టీ అన్నిటితో పాటు లేచింది. రెండు వేళ్ళు దగ్గరికి వచ్చాయి. నేను రెండు చేతులతో పట్టుకున్నాను. చచ్చేంత నీరసంలో ఉన్న మనిషి చేతిలో అంత బలం ఎక్కడిదో, నన్ను కూడా పైకి లాగింది. గట్టిగా మంచానికి అదిమిపెట్టాను. ఆ మాట దాటింది. మూడో చరణం వచ్చింది. మిద్దె మీద చెయ్యాల్సిన పని ఆస్పత్రిలో చేస్తున్నానని తెలిసి ఏడుపొచ్చింది. పాట పూర్తిగా ముగిసి, గీతల చప్పుడు కూడా అయిపోయేదాకా నేను ఆ చెయ్యి వదల్లేదు.

“అయిందా?” అన్నాడు.

“అంతా అయిందన్నా. ఎవురూ నిలపలేదు.”

“వస్తాండాదా?”

ఆయన నన్ను అబద్ధం చెప్పొద్దన్నాడు ఒకప్పుడు.

“వస్తాండాదన్నా,” అన్నాను. “మెట్లు ఎక్కుతాండాది.”

ఆయన తల ఒక పక్కకు వాల్చి, ఒక కన్ను సగం మూసి, గుమ్మం వైపు చూస్తూ ఉండిపోయాడు.